ఎర్రర్‌ను పైనుంచి చదువు

ఉదయగిరి



అమ్మణ్ణీ, నీ ఉత్తరం అందింది. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు మండలాల వానలెక్కల కోసం ఆర్ (R) అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా ప్యాకేజీ తయారుచేశావని చదివి ఎంత సంతోషించానో! ఇంట్లో నడిచింది కాలేజీ కంప్యూటర్లో లోడ్ కావడం లేదని, అంతా చెరిపి మళ్లీ రాస్తానని అన్నావు. ఆ పని చేయొద్దు. నీ లెక్కలో తప్పుంటే, ఫంక్షన్ నడిపినప్పుడు బయటపడుతుంది. లోడ్ అయ్యేటప్పుడే ఆగిందంటే చిక్కు చాలావరకు లెక్కలో కాదు, అమరికలో ఉంటుంది.

ఆర్‌లో లైబ్రరీ అంటే అల్మరా, ప్యాకేజీ అంటే అందులోని పుస్తకం. ‘ఆ పేరుతో ప్యాకేజీ లేదు’ అని వస్తే, ఆర్ వెతికిన అల్మరాలో నీ పుస్తకం లేదన్నమాట. ‘లిబ్‌పాత్స్’ ఫంక్షన్‌ను అడిగితే ఏ ఫోల్డర్లలో వెతికిందో చూపిస్తుంది. పేరులో క్యాపిటల్, స్మాల్ అక్షరాలు తారుమారైనా ఇదే జవాబు వస్తుంది.

నువ్వేమో సోర్సు ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నేరుగా అల్మరాలో పెట్టానని రాశావు. వడ్లను ఎసట్లో పోస్తే అన్నం కాదు కదా! సోర్సును ఇన్‌స్టాల్ చేస్తేనే అది ఆర్ లోడ్ చేయగల రూపానికి వస్తుంది. అలా చేయకపోతే ‘సరైన ఇన్‌స్టాల్డ్ ప్యాకేజీ కాదు’ అంటుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే, చివరి వరుసలోని ‘నాన్ జీరో ఎగ్జిట్ స్టేటస్’ చూసి బెదిరిపోవద్దు. అది ఫలితం మాత్రమే. కారణం పైన ఉంటుంది, మొదటి ఎర్రర్ దగ్గరికి వెళ్లు. ‘అన్‌డిఫైన్డ్ ఎక్స్‌పోర్ట్స్’ అని ఉంటే, ఫంక్షన్ పేరు మార్చి నేమ్‌స్పేస్ ఫైలులో పాత పేరే ఉంచి ఉంటావు. వేరే ప్యాకేజీ దొరకలేదంటే, దాన్ని కాలేజీ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసి, డిస్క్రిప్షన్ ఫైలులో ఇంపోర్ట్స్ కింద దాని పేరు చేర్చు.

రెండు కంప్యూటర్లలోనూ ఆర్ వెర్షన్ కూడా చూడు. 2013లో 3.0.0, 2020లో 4.0.0 వచ్చినప్పుడు ప్రపంచమంతటా ఆర్ వాడేవాళ్లు పాత ప్యాకేజీలను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవలసి వచ్చింది.

ఏది సరిచేసినా సోర్సులోనే సరిచెయ్యి. ఒకసారికి ఒక్కటే మార్చు. ఆర్ మూసి, కొత్త సెషన్ తెరిచి పరీక్షించు. పాతది మెమరీలో ఉండగా కొత్తది ఇన్‌స్టాల్ చేస్తే లేనిపోని ఎర్రర్లు రావచ్చు.

అప్పటి నెల్లూరు జిల్లా గూడూరులో కూడా చదువుకున్న గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు, పక్షపాతం లేని అంచనాల్లో చెదురు (వేరియన్స్) ఎంతకన్నా తగ్గదో 1945లో గణితంతో నిరూపించారు. ఆ చెదురు తప్పించుకోలేనిది. నీ ప్యాకేజీ ఎర్రర్ అలాంటిది కాదు, ఓపికగా చదివితే పూర్తిగా పోతుంది.

మనది ఈశాన్య రుతుపవనాల వాన కోసం ఎదురుచూసే మెట్ట ప్రాంతం. ఇక్కడి వానలెక్క నీ ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకుంటే చాలదమ్మా. ఎవరి కంప్యూటర్లోనైనా లోడ్ అయ్యేలా చెయ్యి.

ఇట్లు
మామయ్య