రోజాతో డ్యూటీ చేసేవాళ్ళకు

పూండి, పలాస చుట్టుపక్కల రోజా ఉండేవాళ్ళు కొద్దిమందే. షిఫ్టులో మీరొక్కరే కావచ్చు, టార్గెట్ మాత్రం అందరికీ ఒకటే. అందుకే రోజా దేనితో పోతుందో, దేనితో పోదో ముందే తెలుసుకుని పనిలోకి దిగండి. కింద చెప్పేది మనవైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతి.

ఉమ్మి మింగితే రోజా పోదు. ఆ భయంతో రోజంతా ఉమ్ముతూ గొంతు ఎండబెట్టుకోవద్దు. స్నానం, మిస్వాక్, తలనూనె, అత్తరు దేనికీ ఇబ్బంది లేదు. పేస్టుతో పళ్ళు తోమడం మాత్రం సహరీ వేళకే ముగించండి. నిద్రలో స్ఖలనమైనా, వాంతి దానంతటదే అయినా రోజా నిలుస్తుంది. మరచిపోయి తిన్నా అంతే, గుర్తురాగానే ఆపేయాలి. జీడి ఫ్యాక్టరీలో పొగ, దుమ్ము వాటంతటవే లోపలికి పోతే తప్పు లేదు. కావాలని బీడీ ఒక్క దమ్ము లాగినా రోజా పోయినట్టే.

పొరపాటు ఎక్కువగా జరిగేది వుజూ దగ్గర. దాహంలో నీళ్ళు గొంతుదాకా పోనిచ్చి పుక్కిలిస్తారు. రోజా గుర్తుండగా చుక్క జారినా ఆ రోజుకు ఖజా (బదులు రోజా) ఉండాలి. నోరు తడిపి ఊసేస్తే చాలు.

రోజూ టెక్కలి వెళ్ళిరావడం ప్రయాణం కిందికి రాదు. సుమారు 78 కిలోమీటర్లు దాటాలి. విశాఖ డ్యూటీ పడితే రోజా మాని తర్వాత ఖజా ఉండొచ్చు. అయితే సహరీ వేళ ముగిశాక ఊరు దాటితే ఆ రోజు రోజా ఉండాల్సిందే.

ఇది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. కిడ్నీ సంగతి పక్కన పెట్టి రోజా మొదలెట్టొద్దు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రంజాన్‌కు ముందే క్రియాటినిన్ చూపించుకోండి. నెల మధ్యలో రక్తం ఇచ్చినా, కండకు ఇంజెక్షన్ వేయించుకున్నా రోజా చెడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇఫ్తార్‌లో ఖర్జూరం, కొబ్బరి నీళ్ళు ఎంతవరకో డాక్టరునే అడగాలి, రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. టీ మానడం వల్ల వచ్చే తలనొప్పికి ఇఫ్తార్ కాగానే నొప్పి మాత్ర మింగుతుంటారు. ఒళ్ళు ఎండి ఉన్నప్పుడు అది కిడ్నీకి దెబ్బ. రంజాన్‌కు వారం ముందునుంచే టీ తగ్గించుకోండి. డాక్టరు వద్దంటే రోజా మానండి. రోగికి ఆ మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. కోలుకున్నాక ఖజా, కోలుకునే ఆశ లేకపోతే ఫిద్యా (రోజాకు బదులు పేదకు అన్నం పెట్టడం).

రంజాన్‌లో ప్రభుత్వ ముస్లిం ఉద్యోగులు గంట ముందు వెళ్ళేలా ఉత్తర్వులు వస్తుంటాయి. ప్రైవేటు యూనిట్‌లో అది నడవదు. నెల మొదలవక ముందే సూపర్‌వైజర్‌తో మాట్లాడి బాయిలర్ పని, బరువుల పని ఉదయానికి మార్పించుకోండి. బదులుగా మీరు ఏ పని అందుకోగలరో కూడా చెప్పండి, మాట త్వరగా తెగుతుంది.

కారణం లేకుండా కావాలని తింటే ఖజాతోపాటు వరుసగా 60 రోజాల కఫారా పడుతుంది. ఆ భయంతో, కళ్ళు తిరుగుతున్నా మెషీన్ దగ్గరే నిలబడొద్దు. ప్రాణం మీదికొచ్చినప్పుడు నీళ్ళు తాగితే కఫారా లేదు, ఒక్క ఖజాయే. ముందు మెషీన్ ఆపండి, పక్కవాళ్ళను పిలవండి, నీళ్ళు తాగండి.