ఇడ్లీ సెంటరుకీ బట్టల షాపుకీ చెత్త రేటు ఎలా కడతారు?

ప్రశ్న: విశాఖ మద్దిలపాలెం జంక్షన్ దగ్గర మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉందండీ. పక్కనే మాకు నాలుగింతలుండే బట్టల షాపు. చెత్త పన్ను ఉన్న రోజుల్లో ఎవరికి ఏ లెక్కన వేశారో అంతుపట్టలేదు. అసలు వ్యాపారాల చెత్తకు రేటు ఎలా కడతారు?

జవాబు: ముందు ఖర్చు తేలాలి. బండి, డీజిలు, డ్రైవరు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా రవాణా, అక్కడ శుద్ధి. ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తాన్ని ఎవరి మీద ఎంత వేయాలన్న దగ్గరే పేచీ అంతా మొదలవుతుంది.

అన్నిటికన్నా సులువైన కొలత వైశాల్యం. ఆస్తి పన్ను రికార్డుల్లో ఎలాగూ ఉంటుంది, మళ్లీ కొలిచే పనిలేదు. బెంగళూరు 2025 ఏప్రిల్ నుంచి ఇళ్లకు ఈ దారే పట్టింది. కట్టడం విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా, ఆస్తి పన్నుతో కలిపి వసూలు. ఇళ్లకు ఇది కొంతవరకు నప్పుతుంది. వ్యాపారాల దగ్గర మాత్రం తప్పుతుంది. పెద్ద బట్టల షాపులో రోజంతా పోగయ్యేది అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు. వాటిలో చాలావాటికి స్క్రాప్ షాపులో డబ్బులే వస్తాయి. మీ చిన్న కొట్లో ఉల్లి తొక్కలు, విస్తరాకులు, మిగిలిన సాంబారు, చట్నీ. రాత్రికల్లా కంపు కొడుతుంది కాబట్టి బండి రోజూ రావలసిందే. అడుగుల లెక్కన చూస్తే ఎక్కువ కట్టేది బట్టల షాపు, కార్పొరేషన్‌కి ఎక్కువ ఖర్చు పెట్టించేది మీరు! వినడానికి ఇబ్బందిగా ఉన్నా నిజం ఇదే.

అందుకే చాలా ఊళ్లు వ్యాపారం రకాన్ని బట్టి శ్లాబులు పెడతాయి. మన రాష్ట్రంలో 2021లో వచ్చిన యూజర్ చార్జీలూ, అంటే జనం చెత్త పన్ను అన్నవీ, ఆ పద్ధతివే. విశాఖలో ఇళ్లకు నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60, వ్యాపారాలకు వేరే శ్లాబులు ఉండేవి. ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, చెత్త సగానికి తగ్గించిన హోటలూ, ఏమీ పట్టించుకోని హోటలూ ఒకే మొత్తం కడతాయి. తగ్గించినందుకు పైసా లాభం లేదు.

తూకం వేయవచ్చు కదా అంటారా? బెంగళూరు పెద్ద మొత్తంలో చెత్త వచ్చే వ్యాపార సంస్థలకు కిలోకు 12 రూపాయలు అంటోంది. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ తడి చెత్త బరువులో సగానికి పైగా నీళ్లే, ఆ నీళ్లకూ డబ్బు కట్టాలి. యూనివర్సిటీ దారిలో కొబ్బరి బొండాలు అమ్మే అతను ఈ లెక్క వింటే బండి వదిలేసి పారిపోతాడు. పైగా వీధి వీధికీ కాటా పట్టుకుని తిరగడం ఏ కార్పొరేషన్‌కీ తేలిక కాదు. దక్షిణ కొరియా దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. 1995 నుంచి అక్కడ చెత్తను నగరం అమ్మే సంచుల్లోనే వేయాలి, సంచి ధరలోనే రుసుము కలిసి ఉంటుంది. విడిగా ఇచ్చే రీసైక్లింగ్ సరుకుకు సంచి కొనక్కర్లేదు.

ప్రశ్న: చెత్త పన్ను రద్దయింది కదా. రేపు ఎవరైనా వచ్చి మళ్లీ డబ్బు అడిగితే?

జవాబు: 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రద్దు ప్రకటించారు. ఖర్చు మాత్రం రద్దు కాలేదు, ఇప్పుడది వేరే పద్దు నుంచి వెళ్తోంది. ఎవరైనా అడిగితే రాతపూర్వక నోటీసు, దేని ప్రకారం వేశారో ఆ తీర్మానం, కట్టాక రసీదు అడగండి. అవి చూపకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పెద్ద హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల సంగతి వేరు. రోజుకు సగటున 100 కిలోలు దాటితే కేంద్ర నిబంధనల ప్రకారం భారీ ఉత్పత్తిదారులే. వేరు చేయడం, వీలైనంత తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగా మార్చడం వాళ్ల బాధ్యత. చెత్త పన్ను పోయింది కదా అని ఈ బాధ్యత పోదు.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు, ప్రైవేటు వాళ్లకు వదిలేస్తే పోటీతో రేటు తగ్గదా? — ఒక వస్త్ర వ్యాపారి

జవాబు: న్యూయార్క్‌లో దశాబ్దాలపాటు వ్యాపారాల చెత్త ప్రైవేటు లారీలదే. పోటీ సంగతి దేవుడెరుగు, మాఫియా ముఠాలు కస్టమర్లను పంచుకుని రేట్లు పెంచేశాయి. 1996లో నగరం ప్రత్యేక కమిషన్ పెట్టి, లైసెన్సులు తనిఖీ చేసి, గరిష్ఠ ధర నిర్ణయించాల్సి వచ్చింది. తర్వాత ఒకే వీధికి పది కంపెనీల లారీలు తిరగడం మొదలైంది. దాన్ని ఆపడానికి 2019 చట్టంతో నగరాన్ని 20 జోన్లు చేసి, జోనుకు మూడు కంపెనీలకు మించకుండా కట్టడి పెట్టారు. రీసైక్లింగ్ సరుకుకు మామూలు చెత్తకన్నా తక్కువ తీసుకోవాలన్నది అందులో షరతు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నది ఒక్క కంపెనీయే. అది జనం దగ్గర అదనంగా వసూలు చేసిందని తేలి, 2021లో సుమారు 10 కోట్ల డాలర్లు వెనక్కిచ్చే ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది జూన్‌లో ఓటర్లు రేటు కట్టే పద్ధతినే మార్చారు.

కాబట్టి ఎత్తేది ఎవరన్నదాని కంటే లెక్కలు ఎవరు చూస్తున్నారన్నది అడగాలి. ఈలోగా మీ అట్టపెట్టెలను తడవకుండా విడిగా కట్టి అమ్ముకోండి, అది తప్పేమీ కాదు. టిఫిన్ సెంటరు వారు మాత్రం తడి చెత్త డబ్బాలో నీళ్లు వంపేసి, ఒక వారం తూకం రాసి పెట్టుకోవాలి. మళ్లీ ఎప్పుడైనా శ్లాబుల మాట వస్తే వార్డు శానిటేషన్ కార్యదర్శి ముందు పెట్టడానికి ఆ కాగితం పనికొస్తుంది.