అనుకోని మజిలీ

రైళ్లు రాకముందు ప్రయాణమంటే మజిలీల వరుస. బాటసారి పగటిపూట నడిచినంత దూరం నడిచి, పొద్దు వాలేసరికి ఏదో ఒక ఊరిలో దిగేవాడు. 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు తాము దిగిన మజిలీలను గూర్చి ఓపికగా వ్రాసిపెట్టారు. ఆయన నడిచిన దారిలో హైదరాబాదు కూడా ఉంది. నేడు మనం కిటికీలో నుండి ఊరి పేరు చదువుకొని ముందుకు సాగిపోతాం. ఆ ఊరు మనకు పరిచయం కావాలంటే రైలు ఆగిపోవాలి.

సికింద్రాబాదు నాకు అట్లాగే పరిచయమైంది. కొన్నేళ్ల క్రితం శ్రావణమాసంలో బరంపురం నుండి షోలాపురానికి ప్రయాణమయ్యాను. అక్కడి నేత పరిశ్రమలో తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడే ఉంటున్న మా మేనత్త గారికి చలిజ్వరం. రక్తపరీక్షలో మలేరియా అని తేలిందని కబురు వచ్చింది. ఉదయం బండి సికింద్రాబాదు చేరింది. ముందు దారిలో పట్టాలపైకి వరదనీరు వచ్చిందనీ, రాత్రి దాకా బండి కదలదనీ ప్రకటించారు. అత్తయ్య కొడుకుకు ఫోను చేశాను. “కంగారు పడకు బావా, మందులు వాడుతున్నాం” అన్నాడు. అన్నాడే గాని అతని గొంతులో కంగారు దాగలేదు.

స్టేషను వెలుపల ఒక ఆటో నడిపే యువకుడు పలకరించాడు. “ఏడికి పోవాలె సార్?”

“ఎక్కడికీ లేదు బాబూ. రాత్రి వరకు ఇక్కడే.”

“అయితే లష్కర్ చూపిస్త, కూసోండి.”

లష్కర్ అంటే దండు. సికింద్రాబాదును స్థానికులు నేటికీ ఆ పేరుతో పిలుస్తారు. ఈ ఊరి పుట్టుకే ఒక మజిలీ. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకొన్నాడు. ఆ ప్రకారం వచ్చిన కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగరానికి ఉత్తరాన గుడారాలు వేసుకొన్నాయి. 1806లో ఆ దండు బస చేసిన చోటికి నిజాము సికిందర్ జా పేరు పెట్టారు. సైన్యం వెంట వర్తకులు, వంటవారు, బోయీలు, దర్జీలు వచ్చారు. గుడారాలు ఇళ్లయ్యాయి. 1874లో వాడి నుండి రైలుమార్గం వచ్చింది. సిపాయిల మజిలీ బాటసారుల కూడలిగా మారింది. (నేను దిగిన పాత స్టేషను భవనం ఇప్పుడు లేదు, కొత్త నిర్మాణం కోసం 2025లో దానిని తొలగించారు.)

ముందుగా మోండా మార్కెట్ సమీపంలోని ఉజ్జయినీ మహంకాళి ఆలయానికి వెళ్లాం. స్థలకథ ప్రకారం, సురిటి అప్పయ్య అనే వ్యక్తి సైన్యంలో డోలీ మోసే పని చేసేవాడు. 1813లో అతనిని ఉజ్జయినికి బదిలీ చేశారు. అక్కడ ఉండగా కలరా ప్రబలింది. తన ఊరివారు క్షేమంగా ఉంటే గుడి కట్టిస్తానని అతడు అక్కడి అమ్మవారికి మొక్కుకొన్నాడు. తిరిగివచ్చి, 1815లో కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఆషాఢమాసంలో జరిగే లష్కర్ బోనాలకు ఆధారం ఈ గుడియే. సేనానుల పేర్లు వీధులకు దక్కాయి. ఏటా లక్షల జనాన్ని కదిలించే పండుగ మాత్రం ఒక డోలీ మోసేవాని మొక్కు నుండి పుట్టింది.

1897లో ప్రారంభమైన గడియార స్తంభాన్ని దూరం నుండే చూసి, బేగంపేట వైపు సాగాం. “ఆడ దోమల డాక్టర్ బంగ్లా ఉంది సార్” అన్నాడు ఆ అబ్బాయి. అత్తయ్య జ్వరం సంగతి నేనతనికి చెప్పలేదు.

ఆ దోమల డాక్టరు రోనాల్డ్ రాస్. 1895లో పందొమ్మిదవ మద్రాసు పదాతిదళానికి వైద్యుడుగా సికింద్రాబాదు వచ్చాడు. రోగి రక్తంలో మలేరియా క్రిమి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనుగొన్నాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతుందో తేలలేదు. చెడుగాలి వల్లనే వస్తుందని నమ్మినవారు అనేకులు. దోమలపై అనుమానంతో రాస్ రెండేళ్లు వందలాది దోమలను కోసి చూశాడు. ఫలితం లేదు. అవి మలేరియాను మోయని జాతి దోమలు! మధ్యలో కలరా పనిమీద బెంగుళూరుకు పంపారు. తిరిగివచ్చి మళ్లీ మొదలుపెట్టాడు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకొన్నాడు. అందుకు అతనికి ముట్టిన కూలి దోమకొక అణా. ఆగస్టు 20న రాస్ మిగిలిన దోమల్లో ఒకదానిని కోశాడు. ఉక్కపోత దుర్భరంగా ఉన్నా పంకా వేయించుకొనే వీలు లేదు. గాలికి దోమలు చెదిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆ దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమిలో కనిపించే రేణువులే. మరునాడు ఇంకొక దోమలో ఆ కణాలు మరికొంత పెద్దవై ఉన్నాయి. అంటే అవి దోమలో పెరుగుతున్నాయి.

మరుసటి నెలలోనే బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడాకు పంపారు. అక్కడ మలేరియా లేదు. ఆ ఉత్తరువు ఒక్క నెల ముందు వచ్చి ఉంటే హుసేన్ ఖాన్ దోమలు ఎవరి కంటా పడేవి కావు. సైనికాధికారులకు ఆ సంగతి పట్టలేదనే నాకు తోస్తుంది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సంక్రమిస్తుందని రాస్ నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు.

పాత విమానాశ్రయం చెంతనున్న ఆ వైద్యశాల భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో, రాస్ పేరిట పరాన్నజీవి శాస్త్ర సంస్థగా ఉంది. నేను వెళ్లింది ఆదివారం. తలుపులు మూసి ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి ఉండగా, ఆటో అబ్బాయి తనకు చిన్ననాడు వచ్చిన చలిజ్వరం గురించి, మూడు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు గురించి, తల్లి మింగించిన చేదుమాత్రల గురించి చాలాసేపు చెప్పాడు.