నలుగురూ దిద్దిన రాత

విద్యార్థులారా! ఊరూ పేరూ తెలియని రచయితలు ఇంటర్నెట్టులో కలిసి పనిచేయడం ఎలాగో తెలుగు వికీపీడియాను చూసి నేర్చుకోవచ్చు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున దీనికి శ్రీకారం చుట్టారు. అప్పట్లో కంప్యూటరులో తెలుగు టైపు చేయడమే పెద్ద చిక్కు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడే 'లేఖిని'ని తరువాత వీవెన్ తయారుచేశారు. దానితో మామూలు వారూ రాయగలిగారు.

ఇక్కడ ముఖ్యమైనవి మూడు:

1. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.
2. రాసినదానికి ఆధారం చూపాలి.
3. పాత ప్రతులన్నీ నిలిచి ఉంటాయి కనుక, పొరపాటున చెరిపినా తిరిగి తేవచ్చు.

మా ఫరంపేట గురించి రాస్తూ, యానాం 1954లో భారతదేశంలో విలీనమైందని రాశాను. "ఆధారమేది?" అని ఒకరు అడిగారు. మా ఊరి సంగతి నన్నే అడుగుతారా అని చిన్నబుచ్చుకున్నాను. తీరా పుస్తకాలు తిరగేస్తే, 1954లో మారినది పాలన మాత్రమే. చట్టప్రకారం విలీనం జరిగినది 1962 ఆగస్టు 16న. ఆయన అడగకపోతే నా సగం నిజాన్నే మన పిల్లలు పరీక్షలో రాసేవారు.

అభ్యాసం: మీ వీధి గురించి ఐదు వాక్యాలు రాయండి. ప్రతిదానికీ ఆధారం చూపండి. తల్లిదండ్రులు చదివి, "ఎలా తెలుసు?" అని తప్పక అడగండి.