కనిపించని నెత్తురు లెక్క

ముందుగా ఒక చిన్న లెక్క చేయండి. మన నెత్తురులో ఒక మిల్లీలీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. ఒక మనిషి ప్రేవులో ఎక్కడో చిన్న పుండు ఉండి, రోజుకు 5 మిల్లీలీటర్ల నెత్తురు, అంటే ఒక టీ చెంచాడు, కారిపోతోంది అనుకుందాం. ఎంత ఇనుము పోతున్నట్లు? రెండున్నర మిల్లీగ్రాములు. తిండి నుంచి శరీరం సాధారణంగా గ్రహించేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. అది మామూలు ఖర్చులకే సరిపోతుంది. కనుక నిల్వ తరిగిపోతూ వస్తుంది. కొన్ని నెలలకు ఆ మనిషి పాలిపోతాడు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడతాడు. కాని ఆ చెంచాడు నెత్తురు మలంలో కలిసిపోవడం వల్ల కంటికి కనిపించకపోవచ్చు.

పెద్దప్రేవులో పుట్టే కాన్సరు తరచు ఇలాగే చప్పుడు లేకుండా పెరుగుతుంది.

ప్రేవులో ఏం జరుగుతుంది?

పెద్దప్రేవు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. జీర్ణమైన ఆహారంలో మిగిలిన నీటిని పీల్చుకోవడం దాని ముఖ్యమైన పని. దాని చివరి భాగమే పురీషనాళం. ప్రేవు లోపలి పొరలోని కణాలు కొద్ది రోజులకే రాలిపోయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. ఈ నిరంతర విభజనలో ఎప్పుడైనా పొరపాటు జరిగితే అక్కడ పులిపిరి వంటి బుడిపె లేస్తుంది. దానిని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు హాని చేయవు. కొన్ని మాత్రం కాన్సరుగా మారతాయి. ఆ మార్పుకు సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది.

చూశారా! ఈ జబ్బు మనకు గడువు ఇస్తోంది. మలంలో దాగిన నెత్తురును పట్టే రసాయన పరీక్షలు ఉన్నాయి. వంగే సన్నని గొట్టంతో ప్రేవు లోపలి భాగాన్ని చూసే పరికరం కొలనోస్కోపు. 1969లో న్యూయార్కులో విలియం వూల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు ఈ గొట్టం ద్వారానే, పొట్ట కోయకుండా, పాలిప్‌ను తీసివేయగలిగారు. పాలిప్‌ను తీసేస్తే అది కాన్సరుగా మారే అవకాశమే ఉండదు.

గడువులోగా కనుక్కోవడం వల్ల ఎంత తేడా వస్తుందో అమెరికా లెక్కలు చెబుతాయి. కాన్సరు ప్రేవు గోడ దాటకముందే తెలిస్తే నూటికి సుమారు 90 మంది అయిదేళ్ళకు మించి బతుకుతున్నారు. కాలేయం వంటి దూరపు అవయవాలకు పాకిన తర్వాత తెలిస్తే నూటికి సుమారు 15 మందే.

అందరికీ ఒకే గడువు ఉందా?

అదే అమెరికాలో మరో సంగతి బయటపడింది. తెల్లజాతివారితో పోలిస్తే నల్లజాతివారికి ఈ కాన్సరు దాదాపు అయిదో వంతు ఎక్కువగా వస్తోంది. దీనితో చనిపోవడం మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. ఇది పుట్టుకతో వచ్చిన తేడాయేనా? లేక పరీక్ష, వైద్యం వారికి ఆలస్యంగా అందడం వల్లనా?

ఈ ప్రశ్నకు డెలవేర్ అనే చిన్న రాష్ట్రంలో మంచి జవాబు దొరికింది. 2002 నుంచి అక్కడ బీమా లేనివారికి కూడా కొలనోస్కోపు పరీక్ష ఏర్పాటు చేశారు. కాన్సరు బయటపడితే చికిత్స ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. పరీక్షకు రావలసినవారిని వెతికి, నచ్చజెప్పి, వెంట ఉండి నడిపించడానికి నర్సులను నియమించింది. పరీక్ష చేయించుకున్న నల్లజాతివారు 2002లో నూటికి 48 మంది. 2009 నాటికి 74 మంది. తెల్లజాతివారితో సమానమయ్యారు. ముదిరాక బయటపడే కేసులు వారిలో నూటికి 79 నుంచి 40కి తగ్గాయి. మరణాల రేటు 42 శాతం పడిపోయి, దాదాపు తెల్లజాతివారి రేటు దగ్గరకు వచ్చింది.

ఏడేళ్ళలో ఎవరి పుట్టుకా మారలేదు. మారింది వైద్యం అందిన తీరు.

రాయచోటిలో ఈ తేడా ఎలా ఉంటుంది?

మన దగ్గర తేడా చర్మపు రంగులో లేదు. దూరంలో, డబ్బులో, సిగ్గులో ఉంది. రాయచోటి చుట్టుపక్కల మెట్ట పల్లెలో శనగచేను కూలికి వెళ్ళే మనిషి పెద్ద పరీక్షకు గువ్వలచెరువు ఘాటు దాటి కడపకో, ఇంకా దూరం తిరుపతికో పోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, కాన్సరు చికిత్సకు ఆదుకుంటుంది. 2022లో తిరుపతిలో ప్రత్యేక కాన్సరు వైద్యశాల కూడా తెరిచారు. కాని జబ్బు పేరు తెలియకముందు తిరిగే బస్సు చార్జీలు, పోయే కూలి ఇంటివారివే. సంపాదించే మనిషి కువైట్‌లో ఉంటే, ఇంట్లో ఉన్న ముసలమ్మను తీసుకుపోయేవారే ఉండరు.

మన దేశంలో ప్రభుత్వం జనమంతటికీ చేయించే కాన్సరు పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినవి. పెద్దప్రేవు వాటిలో లేదు. కనుక లక్షణాన్ని గుర్తించడమే మనకున్న మొదటి దారి. అక్కడే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి.

మొదటిది: మలంలో నెత్తురు పడితే "మొలలు" అని తామే తేల్చుకోవడం. చాలాసార్లు అవి మొలలే. కాని చూడకుండా చెప్పడానికి వీలులేదు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్షిస్తే పురీషనాళపు కింది భాగంలోని గడ్డ తగులుతుంది. దీనికి ఒక నిమిషం చాలు, యంత్రమేదీ అక్కరలేదు. సిగ్గుపడి ఈ పరీక్ష వద్దనేవారు, ముఖ్యంగా ఆడవారు, విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

రెండవది: "ఒంట్లో రక్తం తక్కువ" అని మాత్రలు మింగి ఊరుకోవడం. మాత్రలు మంచివే. అయితే తొట్టిలో నీళ్ళు తగ్గుతుంటే పోస్తూ కూర్చోవడమేనా, చిల్లు ఎక్కడుందో చూడవద్దా? మగవారిలోను, ముట్లుడిగిన స్త్రీలలోను రక్తహీనత కనిపిస్తే నెత్తురు ఎటు పోతోందో తప్పక వెదకాలి.

మీరు చేయగల పని

ఇంట్లో ఎవరికైనా మలంలో నెత్తురు పడటం, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని నీరసం ఉంటే ఆసుపత్రికి వెళ్ళమనండి. మొలల మందు వాడుతున్నారా? అయితే "డాక్టరు పరీక్షించి చెప్పాడా?" అని అడగండి. దగ్గర బంధువుకు ఈ కాన్సరు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పాలి. భయపడవలసిన పని లేదు. ఎక్కువమందిలో చిన్న కారణమే తేలుతుంది. తేలడమే ముఖ్యం.

ఆలోచించండి

1. రోజుకు 10 మిల్లీలీటర్ల నెత్తురు పోతే 30 రోజులలో ఎంత ఇనుము నష్టం?

2. పాలిప్‌ను తీసివేయడం కాన్సరును ఎలా ఆపుతుంది?

3. మీ ఊరి నుంచి జిల్లా ఆసుపత్రికి ఒకరిని తీసుకువెళ్ళి రావడానికి ఎన్ని గంటలు, ఎన్ని రూపాయలు పడతాయి? ఒక రోజు కూలితో పోల్చి చూడండి.