నడిపించే యంత్రాలు చేయాలంటే ఏఐ సీటే కొనాలా?

ఇంటర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, అన్నోజిగూడ, నారపల్లి, ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు నన్ను ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "మావాడికి రోబోటిక్స్ అంటే ప్రాణం సార్, ఏఐ-ఎంఎల్ సీటుకు ఎంతవుతుంది?" ఆ ఇష్టం ఏమిటో చెప్పమని పిల్లవాణ్ణి అడిగితే ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి నడుముకు, తొడలకు, పిక్కలకు ఒక యంత్రం కట్టుకుని లేచి నిలబడతాడు. చంకకర్రల ఊతంతో నాలుగడుగులు వేస్తాడు. అది చూసి పిల్లవాడి మనసు కదిలింది. చాలా మంచి విషయం. ఆ ఇష్టాన్ని నేరుగా మేనేజ్‌మెంట్ కోటా కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లడమే నాకు నచ్చదు.

పక్కనే పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం రోజూ కనిపిస్తుంటే, భవిష్యత్తంటే కంప్యూటర్ ముందు కుర్చీయే అనిపించడం సహజం. అయితే పిల్లవాడు చూసి ముచ్చటపడ్డ ఆ కట్టుకునే యంత్రం, అంటే ఎక్సోస్కెలిటన్, మనిషి ఒంటిమీద పనిచేయాలి. ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక నడక చక్రం అనుకుంటే, అందులో దాదాపు 60 శాతం సేపు ఆ కాలు నేలమీద ఉంటుంది, 40 శాతం సేపు గాలిలో ముందుకు ఊగుతుంది. మోకాలి దగ్గర కోణాన్ని కొలిచే ఎన్‌కోడర్, నడుము ఎటు ఒరుగుతోందో పసిగట్టే సెన్సర్, పాదం కింద ఒత్తిడిని చూసే సెన్సర్ కలిసి కాలు ఏ దశలో ఉందో చెప్పాలి. అప్పుడు మోటారు గేర్ల ద్వారా కీలును తిప్పుతుంది. ఆ సాయం కాస్త ముందో వెనకో అందితే మనిషి తూలిపోతాడు. మోటారుకు బలం పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే బ్యాటరీ పెద్దది కావాలి, దాంతో బరువు ఇంకా పెరుగుతుంది. ఈ చిక్కును విప్పాల్సింది మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు. ప్రోగ్రామింగ్ కూడా కావాలి. కానీ గేరు, మోటారు, బ్యాటరీ తెలియనివాడు రాసిన ప్రోగ్రాం ఇక్కడ పనికిరాదు.

ఇంకో సంగతి వీడియోల్లో కనబడదు. వెన్నుపాము బాగా దెబ్బతిన్నవారికి కాళ్లలో స్పర్శ ఉండకపోవచ్చు. పట్టీ ఒరుసుకుని పుండు పడుతున్నా నొప్పి తెలియదు. ఏళ్ల తరబడి కాళ్లమీద బరువు పడక ఎముకలు పెళుసుబారి ఉంటాయి. పట్టీ ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదులుగా ఉంచాలి, అసలు ఈ మనిషికి ఈ యంత్రం కట్టవచ్చా అన్నది తేల్చేది పునరావాస వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, కాలిపర్లు, కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణుడు. ఈ చివరి ఉద్యోగం పేరు కూడా మన ఇళ్లలో చాలామంది విని ఉండరు.

మన నగరంలోనే జరిగిన ఒక పనిని పిల్లలకు చెప్పండి. అబ్దుల్ కలాం 1982 నుంచి 1992 దాకా హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. నిమ్స్ నుంచి ఒక ఎముకల వైద్యుడు ఆ ప్రయోగశాలకు వచ్చి, క్షిపణుల కోసం తయారైన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువుండే లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం తన ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పారు. వాటిలో మోటారు లేదు, కోడ్ లేదు. పదార్థాలు తెలిసిన ఇంజినీర్లు ఉన్నారు, పిల్లల కాళ్లు తెలిసిన డాక్టర్ ఉన్నారు. ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతి విద్యార్థికీ నేను ముందుగా చెప్పేది ఇదే.

మోటార్లున్న యంత్రాలూ హైదరాబాద్‌కు వచ్చాయి. ఇక్కడి స్వయా రోబోటిక్స్ సంస్థ పుణె, బెంగళూరుల్లోని రెండు డీఆర్‌డీఓ ప్రయోగశాలలతో కలిసి నాలుగు కాళ్ల రోబోను, సైనికులు బరువు మోస్తూ నడవడానికి ధరించే ఎక్సోస్కెలిటన్‌ను తయారుచేసిన సంగతి 2023 జనవరిలో వార్తల్లోకి ఎక్కింది. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబోతో పేరు తెచ్చుకున్న తిరువనంతపురం సంస్థ జెన్‌రోబోటిక్స్, నడక నేర్పే జీ-గెయిటర్ చేసింది. కొచ్చిలోనూ ఇలాంటి ప్రయత్నం జరుగుతోంది. ఆనందించాల్సిన విషయమే. అయినా మన దేశంలో ఈ పని చేసే సంస్థలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఈ రంగంలో వేల ఉద్యోగాలు ఎదురుచూస్తున్నాయని ఏ కాలేజీ ప్రతినిధి అయినా చెబితే, ఆ మాట నమ్మి చెక్కు మీద సంతకం పెట్టకండి.

ఇక డబ్బు సంగతి. ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కితే రోబోటిక్స్, ఏఐ అని రాసిన హోర్డింగులు వరసగా కనిపిస్తాయి. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన లోపల ల్యాబ్ మారదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. లేత్ మీద విద్యార్థి స్వయంగా ఎన్ని గంటలు పనిచేస్తాడు? మోటార్ కంట్రోల్ ల్యాబ్‌లో ఒక్కో బల్ల దగ్గర ఎంతమంది? ఈ సంవత్సరం విద్యార్థులు తమ చేతులతో చేసిన వస్తువు ఒక్కటైనా చూపిస్తారా? జవాబు నసుగుతూ వస్తే లేచి రండి. కోటా సీటుకు కట్టే లక్షలు చాలా ఇళ్లలో ప్లాటు అమ్మితే వచ్చినవో, అక్క పెళ్లికి దాచినవో. ఆ బరువంతా 17 ఏళ్ల పిల్లల నెత్తిన పెట్టి "నీకోసమే చేశాం" అని నాలుగేళ్లు గుర్తుచేయడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఆరో తరగతి నుంచే రోబోటిక్స్ ఫౌండేషన్ అంటూ వేలకు వేలు ఫీజు తీసుకునే క్లాసులు ఇంకో ఉచ్చు. డబ్బాలోంచి తీసి బిగించే కిట్‌తో ఒక బండి నడిపిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని ఏ కంపెనీ అడగదు, ఏ ఎంట్రన్స్ చూడదు. అదే పిల్లవాడు ఇంట్లో పాడైన మిక్సీని విప్పితే మాత్రం తిడతాం. ఫైనలియర్‌కు వచ్చేసరికి అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రెడీమేడ్ ఎక్సోస్కెలిటన్ ప్రాజెక్టు కొనేస్తారు. ఇంటర్వ్యూలో "ఈ మోటారే ఎందుకు వాడావు?" అని అడిగితే అక్కడితో మాట ఆగిపోతుంది.

నన్నడిగితే మొదటి దారి డిప్లొమా. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మెకానికల్, ఎలక్ట్రికల్ లేదా ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. బాలానగర్‌లోని సీఐటీడీలో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ నాలుగేళ్ల డిప్లొమా ఉంది. మిల్లిమీటరులో వందో వంతు తేడాను పట్టుకునే చేయి అక్కడ తయారవుతుంది. ఇంటర్ ఎంపీసీ అయినవాళ్లకు ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ శాఖ ఉంది. పైచదువు కావాలంటే గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్‌కు వెళ్లండి. నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అంతేగానీ, రోబోటిక్స్‌లో ఎంఎస్ పేరుతో ఇల్లు తాకట్టు పెట్టి అమెరికా పంపకండి. రెండేళ్లు ఉద్యోగం చేసి, తనకు ఏది కావాలో తెలుసుకుని వెళ్లే విద్యార్థి అక్కడ నిలదొక్కుకుంటాడు.

రెండో దారి బీపీఓ, అంటే బ్యాచిలర్ ఇన్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్. ఇంటర్ ఎంపీసీ లేదా బైపీసీ ఉంటే చాలు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. ఒడిశాలో కటక్ దగ్గరి ఎస్వీ నిర్తార్, కోల్‌కతాలోని ఎన్ఐఎల్‌డీ, చెన్నై ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీ వంటి కేంద్ర సంస్థల్లో ఇది ఉంది. ప్రవేశ పరీక్షతో సీటు వస్తుంది. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రాదు, చదివిందంతా వృథా. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంత ఉండదని నేనే చెబుతున్నాను. కానీ ప్రమాదంలో కాలు పోయినవారికి, పక్షవాతం వచ్చినవారికి, పుట్టుకతోనే పాదం వంకరున్న పిల్లలకు ఈ నిపుణులు ఈరోజే కావాలి. మోటారు యంత్రాలు ఎప్పుడు చవకవుతాయో అని వీళ్ల పని ఆగదు. అవి చవకైన రోజున వాటిని మనుషులకు అమర్చేదీ వీళ్లే. బైపీసీ చదివి నీట్‌లో సీటు రాలేదని ఏడుస్తున్న అమ్మాయిని మూడోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడేసే ముందు ఈ కోర్సు గురించీ, ఫిజియోథెరపీ గురించీ ఆమెతో కూర్చుని మాట్లాడండి.

బాగుచేసేవాళ్ల విలువ కూడా పిల్లలకు తెలియాలి. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ ఇంట్లో వాడుకోవడానికి అనుమతించిన మొదటి ఎక్సోస్కెలిటన్ రీవాక్. సుమారు లక్ష డాలర్ల ఆ యంత్రంతో ఏళ్లపాటు నడిచిన ఒక మాజీ జాకీకి 2024లో అది ఆగిపోయింది. కంట్రోల్ చేసే చేతి గడియారం బ్యాటరీ దగ్గర చిన్న తీగ ఊడింది. యంత్రం అయిదేళ్లు దాటిందని కంపెనీ మొదట బాగుచేయలేదు. విషయం వార్తల్లోకి వచ్చాకే మరమ్మతు జరిగింది. టంకం వేయడం తెలిసిన ఒక డిప్లొమా కుర్రాడి విలువ ఎంతో ఆ మనిషికి తెలుసు. పాలిటెక్నిక్‌లో చేరతానన్న పిల్లల్ని చుట్టాల ముందు చిన్నబుచ్చే తల్లిదండ్రులు ఈ సంఘటన ఒకసారి ఆలోచించాలి.

కౌన్సెలింగ్ తేదీలు రాకముందే నాచారంలోనో చర్లపల్లిలోనో తెలిసినవారి మెషిన్ షాపు ఉంటే ఒక పూట పిల్లల్ని తీసుకెళ్లండి. ఇంకో పూట ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి అడిగి కూర్చోబెట్టండి. ఎక్కడ వాళ్లు తమంతట తాము ప్రశ్నలు వేస్తారో గమనించండి. అప్పటిదాకా ఏ కాలేజీకీ సీటు అడ్వాన్సు కట్టకండి.