బేగున్‌కోదర్‌లో మళ్లీ ఆగిన రైలు

బదిలీ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రైలు స్టేషనే. ఆ స్టేషనే మూతపడితే?

పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బేగున్‌కోదర్ స్టేషన్ 1960లో మొదలైంది. 1967లో దయ్యం కనిపించిందన్న పుకారు పుట్టింది. అక్కడ పనిచేయడానికి సిబ్బంది భయపడ్డారు. స్టేషన్ మూసేశారు. పట్టాలు అలాగే ఉన్నాయి, రైళ్లూ నడిచాయి, ఆగడమే మానేశాయి. కళ్లెదుటే రైలు పోతున్నా, ఎక్కాలంటే ఊరివాళ్లు ఇంకో స్టేషన్‌కు వెళ్లాల్సిందే. దయ్యం సంగతేమో గానీ, ఈ కష్టం మాత్రం నిజం. వాళ్లు అడగగా అడగగా 2009లో మళ్లీ తెరిచారు.

ఇప్పుడది ‘హాల్ట్’. అంటే స్టేషన్ మాస్టర్ ఉండని చిన్న స్టేషన్. ఇలాంటి చాలాచోట్ల టికెట్లు అమ్మేది కమీషన్ మీద పనిచేసే ఏజెంటే. ప్యాసింజర్ రైలు కాసేపే ఆగుతుంది, అయినా ఆగుతుంది.